వ్రాసిన నియమము, పెద్దమనిషి విచక్షణ



వేసవి సెలవులలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సంఘముల పిల్లలకు మేము చదరంగము పోటీలు పెడుతూ ఉంటాము. ఆట సంగతి పిల్లలే చూసుకొంటారు. మాకు ఎదురయ్యే కష్టము వేరే ఉన్నది. వ్రాసిపెట్టిన నియమము ఎంతవరకు నడవాలి? పోటీ నడిపించే పెద్దమనిషి విచక్షణ ఎక్కడ మొదలవ్వాలి? ఇది చిన్న విషయమని త్రోసివేయవద్దని మనవి. ఇంటిలోనూ సంఘములోనూ మనకు ప్రతిదినము ఎదురయ్యే ప్రశ్నే ఇది.

ఒక యేడు కోదాడలో మొదటి ఆట ఉదయము 9 గంటలకు. 15 నిమిషములు దాటి వస్తే ఓడినట్టేనని కాగితము మీద వ్రాశాము. ఆ దినము హుజూర్‌నగర్ మీదుగా రావలసిన బస్సు దారిలో ఆగిపోయి, ముగ్గురు పిల్లలు 9.25కి చేరారు. ఒక బాబు గుమ్మము దగ్గరే నిలబడి ఏడుస్తున్నాడు. జాలిపడి ఆట మొదటినుండి పెట్టిద్దామని మాలో కొందరన్నారు. అంతలో ఎదుటి పాప తండ్రి లేచి, "అయ్యగారూ, మా అమ్మాయి అయిదింటికే లేచి వేళకు వచ్చింది. అది చేసిన తప్పేంటి?" అని అడిగారు.

నిజమే కదా! ఒకరికి చూపే దయ మరొకరి కష్టములోనుండి తీసి ఇచ్చేది కాకూడదు.

పోటీ నడిపిస్తున్న రిటైర్డు మాస్టారు అందరి ముందూ ఇలా చెప్పారు: "గడియారాలు వేళకే నడిపించాం. పోయిన సమయం ఆలస్యమైన వాళ్ళదే. బస్సు ఆగడం పిల్లల చేతిలో లేదు కాబట్టి ఆట మాత్రం పోదు. ముగ్గురికీ ఇదే మాట." ఆ తండ్రి పూర్తిగా సంతోషించలేదు గాని కూర్చున్నారు.

మాస్టారు సొంతంగా కల్పించిన పద్ధతి కాదిది. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య, అనగా ఫిడే, నియమములలో కూడా గడువు దాటి వచ్చినవారు ఓడినట్టే, ఆర్బిటరు వేరుగా నిర్ణయిస్తే తప్ప, అని ఉన్నది. జరగగల ప్రతి సంగతినీ నియమములు ముందుగా చెప్పలేవనీ, మరీ వివరముగా వ్రాస్తే న్యాయముగా ఆలోచించే స్వేచ్ఛ ఆర్బిటరుకు పోతుందనీ వారు ముందుమాటలోనే ఒప్పుకొన్నారు. పాచికలతో ఆడే బ్యాక్‌గామన్ పోటీల నియమములలోనూ ఇదే భావము కనిపిస్తుంది.

అయితే నియమము గట్టిగా నిలబడటములోనూ మేలున్నది. 2003లో బల్గేరియాలోని ప్లోవ్‌దివ్‌లో జరిగిన యూరోపు జట్ల పోటీలో, అప్పటి ఫిడే ప్రపంచ విజేత పొనొమరియోవ్ ఫోను ఆట మధ్యలో మ్రోగింది. ఆ దినము అతని పుట్టినరోజు. అయినా ఆట పోయింది. గొప్పవాడని మినహాయింపు దొరకలేదు.

2024 డిసెంబరులో న్యూయార్కులో మన కోనేరు హంపి మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ రెండవసారి గెలిచారు. అదే పోటీలలో మాగ్నస్ కార్ల్‌సన్ జీన్సు ధరించి వచ్చారు. 200 డాలర్ల జరిమానా వేసి, మార్చుకొని రమ్మన్నారు. ఆ దినమే మార్చుకోనన్నందుకు తొమ్మిదవ రౌండులో ఆడనివ్వలేదు. అదే దినము క్రీడా బూట్లతో వచ్చిన నెపోమ్నియాషీకి కూడా జరిమానా వేశారు. ఆయన మార్చుకొని ఆడారు. కార్ల్‌సన్ పోటీ విడిచిపెట్టాక, చిన్న తేడాలను అధికారులు తమ విచక్షణతో అనుమతించవచ్చునని ఫిడే సడలించింది. సడలింపు మంచిదే కావచ్చు. కాని పేరులేని ఆటగాడు అలిగి వెళ్ళిపోతే ఆ నియమము అంత త్వరగా మారేదా? ఆలోచించండి.

సంఖ్యాకాండము 27వ అధ్యాయములో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే యెదుట నిలిచారు. కుమారులు లేని తండ్రి స్వాస్థ్యము ఎవరికి? దానికి అప్పటికి విధి లేదు. మోషే ఆ సంగతిని దేవుని సన్నిధికి తెచ్చాడు. వచ్చిన తీర్పు ఆ అయిదుగురితో ఆగక అందరికీ విధి అయింది. 36వ అధ్యాయములో ఆ గోత్రపు పెద్దలు తమ అభ్యంతరము చెప్పగా, దానికి మరొక మాట చేరింది.

మేమూ ఆ దారినే నడిచాము. బస్సు ఆలస్యమైతే ఏమి చేయాలో మరుసటి యేడు కాగితము మీదికి ఎక్కింది. అందులో ఆ తండ్రి అడిగిన ప్రశ్నకూ చోటు దొరికింది: వేళకు వచ్చినవారి సమయము ఒక్క నిమిషము కూడా తగ్గించరాదు.

కాబట్టి ప్రియ తల్లిదండ్రులారా, ఇంటిలో పిల్లలకు నియమము పెట్టేటప్పుడు ముందుగా తెలియజెప్పండి. దానిని సడలించవలసి వస్తే కారణము అందరూ వినేలా చెప్పండి. ఆ సడలింపు మనకు ముద్దైన బిడ్డకే కాక, మనల్ని విసిగించే బిడ్డకు కూడా ఇస్తామా అని మనల్ని మనమే అడుగుకొందాము. ఇస్తామని చెప్పగలిగితే అది విచక్షణ. చెప్పలేకపోతే అది పక్షపాతము.