కూర్చో, ఉండు, దూకు: ధర్మపురిలో కుక్కల పోటీ సాధన

ఒబీడియన్స్ పోటీలో కుక్క చేయవలసిన పనులు చూడటానికి చాలా మామూలువి. యజమాని ఎడమ మోకాలి పక్కనే, ముందుకు పోకుండా, వెనకబడకుండా నడవాలి. అతను ఆగితే కూర్చోవాలి. పిలిస్తే వచ్చి ఎదురుగా తిన్నగా కూర్చోవాలి. విసిరిన చెక్క డంబెల్‌ను నోట కరుచుకుని తెచ్చి చేతికివ్వాలి. ఉండమంటే ఉన్నచోటనే ఉండాలి. ఇంట్లో పెరిగే ఏ కుక్కయినా వీటిలో ఒకటో రెండో చేస్తుంది. తాడు కట్టిన రింగులో, ముక్కూ మొహం తెలియని జనం మధ్య, పక్క రింగులో ఇంకో కుక్క మొరుగుతుండగా, ఒకే ఒక్క మాటకు చేయమన్నప్పుడే కష్టం తెలుస్తుంది. ఎజిలిటీ సంగతి వేరు. అక్కడ గడియారం ఉంటుంది, పరుగు ఉంటుంది, యజమాని అరిచినా అడ్డు చెప్పేవారు లేరు. 15 నుంచి 22 దాకా అడ్డంకులను జడ్జి పెట్టిన వరుసలో తప్పకుండా దాటాలి. పునాది మాత్రం రెండింటికీ ఒకటే. అందుకే చాలాచోట్ల ఈ రెండూ ఒకే మైదానంలో, ఒకే మనిషి చేతిమీదుగా నేర్పుతారు.

ఈ పోటీల చరిత్ర పాతది కాదు. బ్రిటన్‌లో పోలీసు కుక్కలకూ గొర్రెల కాపరి కుక్కలకూ పెట్టే పరీక్షల నమూనాలో, అమెరికాలో పూడిల్ కుక్కలు పెంచే హెలెన్ వైట్‌హౌస్ వాకర్ 1933 అక్టోబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని మౌంట్ కిస్కోలో అన్ని జాతులకూ కలిపి ఒక పరీక్ష పెట్టారు. వచ్చినవి 8 కుక్కలే. పూడిల్ ముస్తాబుకే తప్ప పనికి రాదని జనం అనే మాట ఆమెకు గిట్టేది కాదు. 1936లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఈ పోటీలకు నియమాలు ఖాయం చేసింది. ఎజిలిటీ పుట్టిన తీరు ఇంకా చిత్రం. 1978లో లండన్‌లోని క్రఫ్ట్స్ ప్రదర్శనలో పెద్ద రింగు కాసేపు ఖాళీగా ఉండే సమయంలో జనం లేచిపోకుండా ఏదైనా వినోదం కావాలని నిర్వాహకుల్లో ఒకరైన జాన్ వార్లీ అనుకున్నారు. శిక్షకుడు పీటర్ మీన్‌వెల్ సాయం తీసుకున్నారు. గుర్రాలు కంచెలు దూకే పోటీ నమూనాగా కుక్కలకు సరిపడే అడ్డంకులు తయారయ్యాయి. విరామంలో కాలక్షేపానికి పెట్టిన ఆటను బ్రిటిష్ కెన్నెల్ క్లబ్ 1980లోనే పోటీగా గుర్తించింది. 1996 నుంచి ప్రపంచ పోటీలే జరుగుతున్నాయి.

మన దేశంలో జాతి కుక్కల నమోదు, ప్రదర్శనలు చెన్నై కేంద్రంగా ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కింద నడుస్తాయి. ఒబీడియన్స్‌లో బ్రిటిష్ పద్ధతిలోనే టెస్ట్ ఏ, బీ, సీ అని మెట్లున్నాయి. కానీ ఏ డాగ్ షోకు వెళ్లినా జనమంతా అందం చూసే రింగు చుట్టూనే ఉంటారు. వెంట్రుక దువ్వి, పౌడరు పూసి నిలబెట్టిన కుక్కకు వచ్చే చప్పట్లలో పదో వంతు కూడా, పది అడుగుల అవతల నుంచి చేతి సైగకు పడుకున్న కుక్కకు రావు. పుట్టుకతో వచ్చిన అందానికి కప్పులు ఇచ్చి, నెలల కష్టంతో వచ్చిన విద్యను మూల రింగులోకి నెట్టడం అన్యాయమే. ఈ విద్యలోకి వచ్చేవారు తక్కువగా ఉండటానికి అదీ ఒక కారణం.

తమిళనాడులోని ధర్మపురి ఊరి బయట, సేలం వెళ్లే 44వ జాతీయ రహదారికి కొంచెం లోపలగా, ఒక మామిడి తోటను ఆనుకుని ఉన్న ఎర్రమట్టి చదును ఇలాంటి కొద్దిమందికి సాధన స్థలం. దానికి బోర్డు లేదు, ఆఫీసు లేదు. ఒక పక్క చింతచెట్టు కింద నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, నీళ్ల డ్రమ్ము, ఇసుక మూటలు. ఆదివారం తెల్లవారుజామున ఒక్కొక్కరుగా చేరతారు. టూవీలర్ ముందు కాళ్ల దగ్గర కుక్కను కూర్చోబెట్టుకుని వచ్చేవారూ ఉన్నారు, కారు వెనక బోనులో తెచ్చేవారూ ఉన్నారు. మాటలు తమిళంలో మొదలై తెలుగులోకి జారతాయి. ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు వైపు తరతరాలుగా తెలుగు మాట్లాడే ఇళ్లు చాలా ఉండటంతో ఇది ఇక్కడివారికి విడ్డూరంగా తోచదు. కుక్కతో మాత్రం అందరూ సిట్, స్టే, హీల్ అనే అంటారు.

నేర్పేది తిండితోనే మొదలవుతుంది. ప్రతివారి నడుముకూ చిన్న సంచి, అందులో ఉడికించి గోరంత ముక్కలు కోసిన కోడి కార్జం. ముక్కను కుక్క ముక్కు దగ్గర పెట్టి పైకెత్తితే తల పైకి లేస్తుంది, నడుము కిందికి దిగుతుంది. దిగిన ఆ క్షణాన్నే ‘యెస్’ అనే చిన్న మాటతోనో, క్లిక్కర్ అనే చిన్న పరికరం టిక్కుతోనో గుర్తించి ముక్క నోట్లో పెడతారు. ఆ టిక్కు అర క్షణం ఆలస్యమైతే కుక్క కూర్చున్నందుకు కాక, కూర్చుని లేచినందుకు బహుమతి వచ్చిందనుకుంటుంది. జంతువులకు ఇలా నేర్పే పద్ధతిని బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగశాల నుంచి బయటి లోకానికి తెచ్చినవారు ఆయన శిష్యులు కెల్లర్, మేరియన్ బ్రెలండ్ దంపతులు. డాల్ఫిన్లకు శిక్షణ ఇచ్చిన కారెన్ ప్రయర్ 1984లో రాసిన పుస్తకంతో అది పెంపుడు కుక్కల దాకా వచ్చింది. అంతకుముందు గొలుసు గుంజి నేర్పడమే విద్య. ఇప్పటికీ అలా నేర్పేవారు లేకపోలేదు. గుంజి నేర్పిన కుక్క పని చేస్తుంది గానీ, తోక కిందికి దించి, చెవులు వెనక్కి పెట్టి చేస్తుంది. కుక్క ఇష్టంగా చేస్తోందా, భయంతో చేస్తోందా అన్నది మంచి జడ్జి కంటికి ఇట్టే ఆనుతుంది.

పోటీ రింగులోకి తిండి తీసుకెళ్లనివ్వరు. కాబట్టి ఇచ్చే ముక్కలను మొదట ప్రతిసారీ, తర్వాత రెండు మూడు పనులకు ఒకసారి, ఆ తర్వాత మొత్తం వరుస ముగిశాక ఇచ్చేలా తగ్గించుకుంటూ పోతారు. ఎక్కువమంది చతికిలబడేది ఇక్కడే. తొందరపడి తగ్గిస్తే కుక్క పని మానేస్తుంది. తగ్గించకపోతే సంచి ఉన్నప్పుడే వింటుంది.

రెండోసారి చెప్పడం ఇంకో పెద్ద రోగం. పోటీలో ఒకే పనికి రెండోసారి ఆజ్ఞ ఇస్తే మార్కులు పోతాయి. ఒక కాలేజీ అమ్మాయి తన లాబ్రడార్‌ను నాలుగుసార్లు సిట్ అని, ఐదోసారి గొంతు పెంచింది. నేర్పే పెద్దాయన కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు: “ఒగసారే చెప్పమ్మా. ఊరికే చెప్తా ఉంటే ఐదోదే అసలు మాట అనుకుంటాది.”

“ఇనింది మామా, ఇని కూడా కూసోలేదు.”

“ఇనింది నీ మాటను గాదు. నువ్వు సంచిలో చెయ్యి పెట్టేదాన్ని చూస్తా ఉంది.”

నిజమే, ఆమె ప్రతిసారీ మాటకు ముందే చెయ్యి సంచిలో పెడుతోంది. కుక్క చూపు ఆ చేతిమీదే ఉంది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ఒకసారి చెప్పమన్నాడు. చెప్పింది. కుక్క కాసేపు ఆమె మొహం చూసి, ఆవలించి, కూర్చుంది.

అన్నిటికంటే కష్టం ఏమీ చేయకుండా ఉండటం. బ్రిటిష్ పోటీల్లో పై మెట్టయిన సీ తరగతికి మొత్తం 300 మార్కులు. అందులో 50 మార్కులు 10 నిమిషాలు పడుకుని ఉండటానికే, అదీ యజమాని కంటికి కనిపించకుండా పోయాక. యజమాని పక్కన నడవడానికి 60, దూరం నుంచి చెప్పగా కూర్చోవడం, నిలబడటం, పడుకోవడానికి 50, వాసన పట్టడానికి 50. వాసన పరీక్షలో పదికి మించకుండా పరిచిన గుడ్డ ముక్కల్లో ఒకదానికే జడ్జి చేతి వాసన అంటి ఉంటుంది, కుక్క దాన్నే తేవాలి. ముక్కు కుక్కకు పుట్టుకతో వచ్చిన బలం కాబట్టి ఆ పరీక్ష నేర్పడం అనుకున్నంత కష్టం కాదు. పడుకుని ఉండటం దాని స్వభావానికే ఎదురు. ధర్మపురి మైదానంలో దీన్ని క్షణాల్లో మొదలుపెట్టి పెంచుతారు. ముందు సమయం పెంచుతారు, తర్వాత దూరం, ఆ తర్వాతే పక్కనుంచి బంతి దొర్లించడం, మేకను నడిపించడం వంటి ఆటంకాలు. మూడింటినీ ఒకేసారి పెంచితే కుక్క లేచి వస్తుంది. లేచిందంటే ఆ రోజుకు లెక్క మొదటికి.

ఎజిలిటీ సామాను చూస్తే ఇక్కడి మనుషుల చేతిపనితనం బయటపడుతుంది. నేసినట్టు అటూ ఇటూ దూరి పోవలసిన 12 కర్రలూ ప్లంబింగ్ దుకాణంలో కొన్న పీవీసీ గొట్టాలే. ఇనప పట్టీకి 60 సెంటీమీటర్ల దూరంలో మేకులు వెల్డింగ్ చేయించి, గొట్టాలు వాటిమీద గుచ్చారు. రెండు పలకలు పైన కలిసే ఏ-ఫ్రేమ్ ప్లైవుడ్‌ది. కాలు జారకుండా పెయింటులో ఇసుక కలిపి పూశారు. అంతర్జాతీయ నియమాల ప్రకారం దాని శిఖరం 1.7 మీటర్లు ఉండాలి, కింది భాగం 106 సెంటీమీటర్ల మేర వేరే రంగులో ఉండాలి. దిగేటప్పుడు కనీసం ఒక కాలైనా ఆ రంగు మీద పడకపోతే 5 తప్పు మార్కులు. ఈ నియమం కుక్క మేలుకే పెట్టారు. పైనుంచి ఒకేసారి దూకితే ముందు కాళ్ల కీళ్లు దెబ్బతింటాయి. ఊగే పలక శబ్దానికి చాలా కుక్కలు బెదురుతాయి. అందుకని మొదట్లో దాని కింద పాత టైరు పెట్టి, నేలకు తగిలే చప్పుడు లేకుండా చేస్తారు. సొరంగం కదలకుండా రెండు పక్కలా ఇసుక మూటలు ఒరిగించి ఉంచుతారు.

కర్రల మధ్య దూరడం నేర్పడానికి నెలలు పడుతుంది. మొదటి కర్ర కుక్క ఎడమ భుజం వైపే ఉండాలి, ఏ దిక్కు నుంచి వచ్చినా సరే. అందుకని కర్రలను ముందు రెండు వరుసలుగా ఎడం చేసి మధ్యలో సందు ఉంచుతారు. కుక్క ఆ సందులో పరుగెత్తడం అలవాటయ్యాక వరుసలను రోజుకింత దగ్గరకు జరుపుతారు. అలా ఒకనాటికి రెండూ ఒకే గీతలోకి వచ్చేసరికి కుక్క ఒళ్లు తనంతట తానే మెలికలు తిరుగుతుంటుంది.

తప్పుల లెక్క సులువే. దూకే కంచె మీది కర్ర పడితే 5, అడ్డంకి ముందు ఆగిపోతే 5, అలా మూడుసార్లు ఆగితే పోటీ నుంచి అవుట్, వరుస తప్పి వేరే అడ్డంకి ఎక్కినా అవుటే. కాగితం మీద ఈ తప్పులన్నీ కుక్క పేరునే పడతాయి, ఎక్కువగా చేసేది మాత్రం మనిషి. పరుగులో కుక్క మాటను వినేదాని కంటే యజమాని భుజాలు, పాదాలు ఎటు తిరిగాయో చూసేదే ఎక్కువ. నోటితో ‘టన్నెల్’ అంటూ భుజం ఏ-ఫ్రేమ్ వైపు తిప్పితే కుక్క ఏ-ఫ్రేమే ఎక్కుతుంది. అందుకే పోటీకి ముందు యజమానులకు కుక్క లేకుండా దారి నడిచి చూసుకునే సమయం ఇస్తారు. ఖాళీ చేతిని ముందుకు చాచి, లేని కుక్కను పిలుస్తూ, గిరుక్కున తిరుగుతూ నడిచే పెద్దమనుషులను మొదటిసారి చూసినవారు నవ్వుకుంటారు. ఈ రచయితా నవ్వుకున్నాడు.

ప్రపంచ పోటీల్లో ఎజిలిటీ అంటే బోర్డర్ కోలీ, ఒబీడియన్స్‌లోనూ దాదాపు అదే. ధర్మపురిలో లాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు ఎక్కువ, అప్పుడప్పుడూ చిప్పిపారై, రాజపాళయం కుక్కలు కనిపిస్తాయి. రాజపాళయం జాతికి తెలుగువారితో సంబంధం ఉంది. విరుదునగర్ జిల్లాలోని ఆ ఊరిలో స్థిరపడిన తెలుగు రాజుల ఇళ్లలో వేటకూ కాపలాకూ పెరిగిన తెల్ల కుక్క అది. 2005 జనవరి 9న తపాలా శాఖ విడుదల చేసిన నాలుగు కుక్కల బిళ్లల్లో ఒకటి దానిదే. 2020 ఆగస్టు 30 ‘మన్ కీ బాత్’లో ప్రధాని దేశీ కుక్కల గురించి చెప్పినప్పుడు రాజపాళయం, చిప్పిపారై, కన్ని, కోంబై పేర్లు వినిపించాయి. అయితే కుందేలును కంటితో చూసి తరిమేందుకు పుట్టిన చిప్పిపారైకి, చెప్పేదాకా ఆగు అనడం రక్తానికే ఎదురు. అవి ఒకే పనిని పదిసార్లు చేయవు, మూడోసారికే మొహం తిప్పుకుంటాయి. తెలివి తక్కువై కాదు. అందుకే వీటికి సాధన అయిదు నిమిషాలకు మించనివ్వరు. రాజపాళయం పిల్లల్లో కొన్నిటికి పుట్టు చెవుడు ఉంటుంది. వాటికి మొత్తం చేతి సైగలతోనే నేర్పాలి.

ఇదే విద్య ఉద్యోగమైనచోట లెక్క వేరుగా ఉంటుంది. తెలంగాణలో మొయినాబాద్‌లోని సమీకృత ఇంటెలిజెన్స్ శిక్షణ అకాడమీలో పోలీసు కుక్కలకు శిక్షణ ఇస్తారు. పేలుడు పదార్థాల వాసన పట్టేదైనా, నేరస్థుడి జాడ తీసేదైనా ముందు ఒబీడియన్స్ దాటాల్సిందే. బెంగళూరు పక్కన తరలులో సీఆర్పీఎఫ్‌కు సొంత పెంపక, శిక్షణ కేంద్రం ఉంది, అక్కడ బెల్జియన్ మాలిన్వా జాతిది పైచేయి. పోలీసు కుక్కలు కొత్తవారు పెట్టిన మాంసం ముట్టకుండా ఉండటం కూడా నేర్చుకోవాలి. అఖిల భారత పోలీస్ డ్యూటీ మీట్‌లో ఇలాంటి కుక్కలు రాష్ట్రాల వారీగా పోటీపడతాయి. అక్కడ గెలుపు కప్పుతో ఆగదు, కుక్కను నడిపించే కానిస్టేబుల్ సర్వీసు రికార్డులోకి ఎక్కుతుంది.

ధర్మపురి సాధన కాలాన్ని ఎండ నిర్ణయిస్తుంది. కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, ఒగర్పుతోనే ఒళ్లు చల్లబరుచుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఏడు దాటితే ఎర్రమట్టి కాలుతుంది. అరచేయి నేలమీద ఆనించి ఏడు క్షణాలు ఉంచలేకపోతే ఆ పూటకు సాధన బందు. ఏడాదిన్నర నిండని కుక్కలతో పెద్ద దూకుళ్లు చేయించరు, ఎముకల చివర్లు గట్టిపడి ఉండవు గనక. అంతర్జాతీయ ఎజిలిటీ పోటీలకూ అదే వయసు హద్దు. వానలు వెలిశాక గోమార్ల బెడద, వాటివల్ల వచ్చే జ్వరాలు. ఒక్కో కుక్క నెల రోజులు లేవదు, లేచినా కండ తగ్గి ఉంటుంది.

మే నెలలో ఏర్కాడు కొండమీద జరిగే వేసవి పండగలో పశుసంవర్ధక శాఖ కుక్కల ప్రదర్శన పెడుతుంది, పోలీసు కుక్కలు విన్యాసాలు చేసి చూపిస్తాయి. సుమారు 1,500 మీటర్ల ఎత్తున చల్లగా ఉంటుంది కాబట్టి మైదానాల నుంచి వెళ్లినవారికి అది ఊరట. ధర్మపురివారు తొప్పూరు కనుమ దిగి, సేలం మీదుగా ముందురోజే వెళ్తారు. కుక్క కొత్త గాలికీ కొత్త మనుషులకూ ఒక పూట అలవాటు పడాలని. పొద్దున పరుగు ఉంటే తిండి పెట్టరు, నీళ్లు మాత్రం కొద్దికొద్దిగా తాగిస్తారు. రేబీస్ టీకా కాగితం, పట్టీ, గిన్నె, పాత దుప్పటి ఒక సంచిలో సర్దుకుంటారు. కార్జం సంచి కారులోనే వదిలి రింగు దగ్గరికి నడుస్తారు.