రెండు రాత్రుల ఖరీదు

బ్రిటన్ పోస్టాఫీసు వారు కార్డులూ కవర్లూ అమ్ముకుని ఊరుకోరు. విదేశీ డబ్బు మార్చే వ్యాపారం కూడా వారికి ఉంది కనక, ఏటా ఒక ధరల పట్టిక వేస్తుంటారు. ఫలానా నగరానికి రెండు రోజులు సరదాగా వెళితే కాఫీ ఎంత, ఇద్దరి భోజనం ఎంత, మ్యూజియం టిక్కెట్టు ఎంత, రెండు రాత్రులకు గది ఎంత అని కూడి, ఏ ఊరు చౌకో తేలుస్తారు.

ఈ సంగతి చెబితే మా ఆవిడ, "మన ఆకివీడు నుంచి అలాంటి పట్టిక వేయండి చూద్దాం" అంది. మా పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. పెళ్ళికో, పేరంటానికో, ఆస్పత్రికో తప్ప ఇద్దరం కలిసి ఊరు దాటింది లేదు. అందుచేత ఇది వట్టి కూడికల వ్యవహారం కాదని నాకు తెలుస్తూనే ఉంది.

మొదట హైదరాబాదు వేశాను. శుక్రవారం రాత్రి నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి అక్కడుంటాం. గది అద్దె సున్నా. మా పెద్దాడపడుచు ఇల్లుంది. అయితే చేతులూపుకుంటూ వెళతామా? ఐసులో పెట్టిన రొయ్యలు, పూతరేకులు, పిల్లల చేతుల్లో తలా ఒక నోటు. ఇవన్నీ కలిపితే గది అద్దెకేమీ తీసిపోవు.

"పోనీ, కొల్లేరు" అన్నాను. ఇంత చౌక విహారం భూమ్మీద ఉంటుందా? 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు. కైకలూరు దాకా నాకొక్కడికే ఖర్చు. పక్కనే ఆటపాక. చలికాలంలో వెళితే గూడబాతులు గూళ్ళ మీద బారులు తీరి, పెద్ద మనుషుల్లా గడ్డాలు దించుకుని కూర్చుంటాయి. పిల్ల తల్లి గొంతులోకి తల దూర్చి చేపను లాక్కుంటుంటే చూసి తీరాలి. 1999లో కొల్లేటిని అభయారణ్యం చేశారు, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. అక్కణ్ణించి కొల్లేటికోట పెద్దింట్లమ్మను దర్శించుకుని, చీకటి పడేలోగా ఇల్లు చేరవచ్చు.

"నాలుగింటికి లేచి పులిహోర కలిపేదెవరు? వచ్చాక అంట్లు తోమేదెవరు?" అంది ఆవిడ. "మీ అక్కయ్యగారింట్లో అయినా అంతే. నేను వంటింట్లో, మీరు సోఫాలో."

అప్పుడు నా పట్టిక తలకిందులైంది. నేను కొట్టేస్తూ వచ్చిన గది అద్దే ఆవిడకు కావలసిన సరుకు!

ఆ రాత్రికి లోకమంతా ఖరీదు కడుతోంది. భూటాన్‌లో రాత్రికి తలకు మనవాళ్ళ దగ్గర 1200 రూపాయలు, పాశ్చాత్యుల దగ్గర 2023 నుంచి 100 డాలర్లు రుసుము. వెనిస్ వారిది ఎదురు లెక్క: 2024 ఏప్రిల్ 25 నుంచి, రద్దీ రోజుల్లో బస చేయకుండా పగలు వచ్చి పోయేవారికి 5 యూరోల టిక్కెట్టు పెట్టారు. అంత దూరమెందుకు, సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల పుణ్యమా అని మా పక్క భీమవరంలో లాడ్జి గది దొరకడమే గగనం.

కాబట్టి పండగ వెళ్ళాక విశాఖపట్నం అని తేల్చాం. ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మారుతూ వెళితే ఆవిడకు టిక్కెట్టుండదు. నడుముల సంగతి వేరు. పట్టికలో ఈసారి గది అద్దె అన్నిటికన్నా పైన రాశాను.

"పొద్దున్నే కాఫీ గదికే తెస్తారా?" అని అడిగింది.

"తెస్తారు. బయటకంటే ఎక్కువ తీసుకుంటారు."

"తీసుకోనివ్వండి. రెండు పూటలకీ వేయండి" అంది.