బ్రూస్‌పేట ఇల్లు: మనవాడా, తగినవాడా?

ఇల్లు అమ్మాలని తేల్చుకునేదానికి మా ఇంట్లో రెండేండ్లు పట్టింది. ఎవరి చేత అమ్మించాలో తేల్చుకునేదానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. మొదటిది ఎవరింటి బాధ వాళ్ళది, అందులో చెప్పేదేమీ లేదు. రెండోది మాత్రం మనలాంటి కుటుంబాలతో పంచుకోవాల్సిన సంగతి. పాత ఇంటి తాళం ఒకరి దగ్గర, కాగితాలు ఇంకొకరి దగ్గర, పిల్లలు బెంగళూరులోనో పూణేలోనో ఉండే ఇళ్ళు మనవాళ్ళలో చాలా ఉన్నాయి. రేపో మాపో బ్రోకర్ గడప తొక్కక తప్పదు.

బళ్ళారి బ్రూస్‌పేటలోని ఆ ఇంటిని తాత 1951లో కొన్నారు. అప్పుడు బళ్ళారి మద్రాసు రాష్ట్రంలో ఉంది. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రంలోకి పోయింది. అదే జిల్లాలో ఉండిన ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో కలిసినాయి. అందుకే మా ఇంటి మూల దస్తావేజు తెలుగులో ఉంది, ఆ తర్వాతి కాగితాలన్నీ కన్నడలో ఉన్నాయి. పెద్దత్తను ఇచ్చింది ఆదోనికి, చిన్నత్తను ఇచ్చింది హొసపేటకు. తాత 1987లో పోయినారు, వీలునామా రాయలేదు. 1999లో అవ్వ, 2021లో నాయన పోయినారు. ఇప్పుడు మిగిలింది అమ్మ, అన్న, మేము.

మా చదువంతా కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు అవ్వ పలక మీద దిద్దించినవే. మేం చేసే ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అంటే సరుకు బయటికి పోకముందే అందులో లోపం ఎక్కడుందో వెతకడం. ఆ అలవాటు కొద్దీ ముగ్గురు బ్రోకర్లను పిలిచి, ముగ్గురినీ అవే ప్రశ్నలు అడగాలని ముందే రాసి పెట్టుకున్నాం. ఎంత ధర వస్తుంది? మీ కమిషన్ ఎంత, ఎవరి దగ్గర తీసుకుంటారు? ఏ కాగితాలు కావాలి? ఎన్ని నెలలు పడుతుంది? ఈ అమ్మకంలో మీకు కనబడే చిక్కు ఏమిటి? ఈ చివరి ప్రశ్నే ముఖ్యమని తర్వాత తెలిసింది.

మొదటాయన కారులో వచ్చినాడు. ఇంటిని పది నిమిషాలు చూసి, మేం అనుకున్నదానికంటే బాగా ఎక్కువ ధర చెప్పినాడు. ఏడాది పాటు వేరే ఎవరికీ చెప్పకూడదని ఒక కాగితం తీసి సంతకం పెట్టమన్నాడు. చిక్కేమైనా ఉందా అంటే, "ఏమీ లేదు సార్, ఖాతా మీ నాయన పేరిటే ఉంది కదా, మీ ముగ్గురి సంతకాలు చాలు" అన్నాడు. అత్తల సంగతి అడిగితే, "వాళ్ళను ఎందుకు కదిలిస్తారు" అన్నాడు.

రెండో ఆయన మనవాడు. దూరపు చుట్టరికం కూడా కలుస్తుంది. అమ్మను "అత్తా" అని పిలిచినాడు, కాఫీ తాగినాడు, మన తెలుగులో కష్టసుఖాలు మాట్లాడినాడు. అమ్మకు ఆయన మీదికే మనసు పోయింది. కమిషన్ మాట వస్తే, "మీ దగ్గర కమిషన్ ఏంది అత్తా, మీకు ఇంత కావాలని చెప్పండి చాలు, దాని మీద వచ్చింది నేను చూసుకుంటాను" అన్నాడు. వినేదానికి ధర్మంగా ఉంది. కానీ ఇంటిని ఎంతకు అమ్మినాడో మనకు తెలియకుండా పోయే పద్ధతి అది. కొనేవాళ్ళు ఇచ్చేది ఒకటి, మన చేతికొచ్చేది ఒకటి, మధ్యలో ఎంత పోయిందో అడిగితే చుట్టరికం చెడిపోతుంది. చుట్టం కాకపోయుంటే లెక్క అడిగేవాళ్ళం.

మూడో ఆయన పెద్దాయన, కన్నడమే మాట్లాడతాడు. స్కూటర్ మీద వచ్చినాడు. ధర చెప్పమంటే చెప్పలేదు. "మొదలు కాగద, ఆమేలె గిరాకి" అన్నాడు. కాగితం సరిగ్గా ఉంటే గిరాకీ దానంతటదే వస్తుందని ఆయన లెక్క. మూల దస్తావేజు, ఖాతా, పన్ను కట్టిన రసీదులు, ఇ.సి. అన్నీ జిరాక్సులే అడిగినాడు, ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వొద్దని ఆయనే చెప్పినాడు. మూల దస్తావేజు చూసి, "ఇది నాకు రాదు, మీరే చదవండి" అని మా చేతికిచ్చినాడు.

అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివినాం. కన్నడ లిపి, తెలుగు లిపి అక్కచెల్లెళ్ళు కాబట్టి సరిపోయింది. చెక్కుబంది చదివేటప్పుడు ఆయన ఆపి, కొలతలు రాసుకున్నాడు. దస్తావేజులో ఇంటి పొడవు 60 అడుగులు, ఖాతాలో 56. పడమటి హద్దులో ఉమ్మడి బావి మీద హక్కు అని ఉంది. ఆ బావి మా చిన్నప్పుడే పూడిపోయింది. టేపు తెప్పించి కొలిపించినాడు, 60 అడుగులే వచ్చింది. "కొనేవాడి లాయరు ఇది పట్టుకుంటే ధర తగ్గిస్తాడు. మనమే ముందు ఖాతా సరిచేయించుకుంటే అడిగేదానికి ఏమీ ఉండదు" అన్నాడు. మా ఉద్యోగంలో మేం రోజూ చేసే పని ఇదే.

తర్వాత ఆయన అడిగింది మనుషుల గురించి. తాతకు ఎంతమంది పిల్లలు, ఆడపిల్లలు ఎందరు, ఎవరెవరు ఉన్నారు? వంశవృక్షం తీయించమన్నాడు. ఖాతా అనేది పన్ను ఎవరు కడుతున్నారో చెప్పే లెక్క మాత్రమే, ఇంటి మీద హక్కు ఎవరిదో అది తేల్చదని విప్పి చెప్పినాడు. తాత సొంతంగా కొన్న ఇల్లు, వీలునామా లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అవ్వకూ, నాయనకూ, ఇద్దరత్తలకూ సమానంగా వచ్చింది. అవ్వ భాగం మళ్ళీ ఆమె పిల్లలకే. అంటే ఇల్లు మూడు భాగాలు. మా నాయన భాగంగా మాకొచ్చేది మూడింట ఒకటి, అందులో మేం ముగ్గురం. "ఆ ఇద్దరి సంతకాలు లేకుండా నేను గిరాకీని తీసుకురాను" అన్నాడు.

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. ఇన్నేండ్లు ఇంటి పన్ను కట్టింది నాయన, పైకప్పు మార్పించింది నాయన, అవ్వను చూసుకున్నది అమ్మ. అత్తలు ఎన్నడూ భాగం అడగలేదు. అడగలేదు కాబట్టి లేదనుకోవచ్చా? అన్న కాగితం తీసి లెక్క వేసినాడు. మరమ్మత్తుకు రసీదులున్న ఖర్చు ముందు తీసి, మిగిలింది మూడు భాగాలు చేద్దామని అమ్మే అన్నది. రైలెక్కి గుంతకల్లు మీదుగా ఆదోనికి పోయినాం.

పెద్దత్త అన్నం పెట్టి, మేం తినేదాకా ఏమీ అడగలేదు. చేతులు కడుక్కున్నాక అడిగింది: "సంతకానికి వచ్చినారా, భాగం ఇచ్చేదానికి వచ్చినారా?"

"భాగం ఇచ్చేదానికే వదినా" అన్నది అమ్మ, లెక్క కాగితం ముందర పెట్టింది. అత్త దాన్ని చదవకుండా మడిచి కొంగుకు కట్టుకున్నది. రిజిస్ట్రేషన్ ఎప్పుడో చెప్తే వస్తానన్నది. హొసపేట చిన్నత్త తన భాగం వద్దన్నది. అయినా ఆమె పేరు రాసే తీరాలని పెద్దాయన పట్టుబట్టినాడు. వద్దనుకునేవాళ్ళు డబ్బు చేతికొచ్చాక ఎవరికైనా ఇచ్చుకోవచ్చు, కాగితంలో మాత్రం లోటు ఉండకూడదన్నాడు. క్రయపత్రంలో ఎవరికెంత అనేది విడివిడిగా రాయించి, ఎవరి డబ్బు వాళ్ళ బ్యాంకు ఖాతాకే వచ్చేటట్టు చేయించినాడు. కన్నడలో ఉన్న క్రయపత్రాన్ని గట్టిగా చదివి, ప్రతి పేరా దగ్గరా ఆగి, అమ్మకూ అత్తలకూ తెలుగులో చెప్పమన్నాడు. అర్థమైందని వాళ్ళు చెప్పాకనే ముందుకు పోయినాడు.

చివరికి వచ్చిన ధర మొదటాయన చెప్పినదానికంటే తక్కువే. కానీ ఆయన చెప్పింది కాగితాలు చూడకముందు ధర, మాకు వచ్చింది చూసినాక ధర. పెద్దాయన మా దగ్గర తీసుకున్నది నూటికి ఒకటి, అది మొదటిరోజే రాసి ఇచ్చినాడు. కొనేవాళ్ళ దగ్గర కూడా తీసుకుంటానని దాచకుండా చెప్పినాడు.

మీరు బ్రోకర్‌ను వెతికేటప్పుడు కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. కమిషన్ ఎంత, ఎప్పుడు ఇవ్వాలి అనేది కాగితం మీద పెట్టించుకోండి. ఒక్కరికే అప్పగించాల్సి వస్తే రెండు మూడు నెలలకు మించి ఒప్పుకోవద్దు. 2016 రెరా చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. మనలాంటి పాత విడి ఇళ్ళ అమ్మకానికి అది తప్పనిసరి కాకపోయినా, ఉన్నవాడి వివరాలు సరిచూసుకునేదానికి ఒక చోటు ఉంటుంది. ఇ.సి. మీరే తీసుకోండి. కర్ణాటకలో అయితే కావేరి వెబ్‌సైటులో వస్తుంది, లావాదేవీలు ఉంటే ఫారం 15, లేకుంటే ఫారం 16. మరీ పాత సంవత్సరాలకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోవాల్సిందే. అడ్వాన్సు బ్యాంకు ద్వారానే తీసుకోండి, 20,000 లేదా అంతకు మించి నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. ధర 50 లక్షలు గానీ అంతకు మించి గానీ ఉంటే కొనేవాళ్ళు 1 శాతం టీడీఎస్ పట్టుకుంటారు, అది మీ పాన్ మీద జమ అవుతుంది, కంగారు పడొద్దు.

మన భాష మాట్లాడేవాడు దొరికితే మంచిదే, కాదనం. పరాయి చోట మన మాట వినబడితే ప్రాణం లేచి వస్తుంది. కానీ ఇల్లు అమ్మించేవాడిలో చూడాల్సింది, మనకు నచ్చని మాట మన మొహం మీద చెప్పగలడా అనేది. అత్తల పేరు ఎత్తింది ముగ్గురిలో ఒక్కడే.

ఇంకొక్క మాట. రిజిస్ట్రేషన్ రోజు మూల దస్తావేజు ఒరిజినల్ కొన్నవాళ్ళకు ఇచ్చేయాలి. తాత సంతకం ఉన్న ఆ తెలుగు కాగితం ఇక మన ఇంట్లో ఉండదు. ఇవ్వకముందే రెండు వైపులా, స్టాంపులతో సహా స్కాన్ చేసి పెట్టుకోండి. దానిలోని మాటల్ని విడిగా శుభ్రంగా రాసి పెట్టుకోండి. మేం రాసిన ప్రతి ఒకటి బెంగళూరులో ఉంది, ఒకటి ఆదోనికి, ఒకటి హొసపేటకు పంపినాం.