మా చిన్నదాని లెక్క

మా చిన్నది ఎల్‌కేజీ. జూన్‌లో బడికి పోయే నాటికే ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా చెప్పేది. ముందర ఐదు చింతగింజలు పెట్టి ఎన్ని అంటే మాత్రం ఒకసారి ఏడు అనేది, ఒకసారి నాలుగు అనేది.

మొన్న శనివారం పెబ్బేరు సంతకు వెంట తీసుకపోయిన. గొర్రెల దగ్గర నిలబడి, ఒక్కోదానికి వేలు చూపిస్తూ ఎనిమిది దాకా లెక్కపెట్టింది. ఒకటి అటు నుంచి ఇటు వస్తే, "దాన్ని లెక్కపెట్టిన కదా నాయినా" అని వదిలేసింది. ఎంత సంబురమైందో! అంకెలు అప్పజెప్పడం వేరే, లెక్క తెలియడం వేరే. ప్రోగ్రెస్ కార్డులో దీనికి గడి లేదు. రైమ్స్‌కు, చేతిరాతకు ఉంది.

2020 జాతీయ విద్యా విధానం మూడేండ్ల నుంచి ఎనిమిదేండ్ల దాకా ఒకే పునాది దశ అన్నది, ఆటపాటలతోనే నేర్పమన్నది. అంటే రెండో తరగతి దాకా టైముంది. నాలుగేండ్ల పిల్లలను రాత్రి దాకా కాపీరైటింగ్ ముందు కూర్చోబెట్టుడు అన్యాయం.

ఈసారి పేరెంట్స్ మీటింగుకు పోతే గ్రేడు ఒక్కటే అడగకండి. మా బిడ్డ ఏం ఆడుతున్నది, ఏమేం అడుగుతున్నదని టీచరమ్మను అడగండి.