సోనారీలో ముప్పై అక్షరాలు

టాటానగర్‌లో రైలు దిగేసరికి బాగా తెల్లారింది. ఒకప్పుడు ఈ స్టేషన్ కాలీమాటీ, ఊరు సాక్చీ. 1919లో జంషెడ్‌జీ టాటా పేరిట జంషెడ్‌పూర్ అయింది. ఉక్కు ఊరంటే పొగా దుమ్మూ అనుకున్నాను గానీ, రోడ్డుకి రెండువైపులా ఎన్ని చెట్లో! కదమాలో మా పిన్ని వాళ్ళ వీధిలో వాకిట్లో ముగ్గులు కనిపించాయి. కార్ఖానా పనికి తరాల కిందట మనవైపు నుంచి వచ్చిన కుటుంబాలట. తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగిస్తారు, వినడానికి భలే ఉంటుంది.

"సోనారీలో ట్రైబల్ కల్చర్ సెంటర్ ఉంది, చూసి రావే" అంది పిన్ని. సోనారీ సందులన్నీ ఒకేలా ఉన్నాయి. దారి అడిగిన ప్రతివాళ్ళూ ఇంకో మలుపు చూపించారు. మధ్యలో ఒక బండి దగ్గర ధుస్కా తిన్నాను. బియ్యం, శనగపప్పు రుబ్బి నూనెలో పొంగిస్తారు, పక్కన ఘుగ్నీ పోస్తారు. గారెలు ఇష్టపడేవాళ్ళు తప్పకుండా తినండి.

మ్యూజియంలో సంతాల్, హో, ముండా, ఒరావ్‌ల జీవితాన్ని చూస్తూ నడుస్తుంటే ఒక సంతాల్ కాలేజీ అమ్మాయి పరిచయమైంది. నా నోటుపుస్తకంలో నా పేరు ఓల్ చికి లిపిలో రాసింది. 1925లో మయూర్‌భంజ్‌కి చెందిన పండిత్ రఘునాథ్ ముర్ము కూర్చిన లిపి అది, ముప్పై అక్షరాలు. 2003లో సంతాలీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోకి ఎక్కింది. "బళ్ళో చేరిన కొత్తలో టీచరు మాట ఒక్కటీ అర్థమయ్యేది కాదు దీదీ" అంది ఆ అమ్మాయి.

అక్కడే ఆగిపోయాను. మాది పాలకొండ. పక్కనే సీతంపేట కొండల్లో కొందరు సవర పిల్లలు ఇదే అనుభవంతో బడి మానేస్తారు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి గిడుగు రామమూర్తి గారికి దండలు వేస్తాం. పర్లాకిమిడిలో ఆయన సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి సొంత ఖర్చుతో బడులు పెట్టారనీ, ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయిందనీ మా కాలేజీలో ఎంతమందికి తెలుసు? వందేళ్ళ కిందటే ఆయన చేసిన పని మనం ఎందుకు వదిలేశాం?

మీరు జంషెడ్‌పూర్ వెళ్తే జూబ్లీ పార్కుతో సరిపెట్టుకోకండి, సోనారీకి ఒక పూట ఉంచండి. అక్కడికొచ్చే సంతాల్ పిల్లలతో మాట్లాడండి.

ఈ వేసవిలో నేనూ, మా హాస్టల్‌లోని సవర స్నేహితురాలూ సీతంపేట వెళ్తున్నాం. వాళ్ళ అమ్మమ్మ చెప్పే కథలు సవరలోనే రాసుకుని, ఒకటో తరగతికి చిన్న పుస్తకంగా వేయించమని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) వాళ్ళని అడుగుతాం.