కూర్చోవడమూ ఒక విద్యే

ఇరవై యేళ్ళుగా పిల్లలకు తెలుగు పాఠాలు చెబుతున్నాను. నాకే ఒకరు కూర్చోవడం నేర్పవలసి వస్తుందని ఏనాడూ అనుకోలేదు.

మొన్న వేసవిలో కాలేజీ మార్కులన్నీ కంప్యూటరులోకి ఎక్కించే పని నా నెత్తిన పడింది. ప్రొద్దుటూరు ఎండలు తెలిసినవే కదా! ఇంట్లో ఫ్యాను కింద, భోజనాల బల్లమీద లాప్‌టాప్ పెట్టుకుని, మెడ వంచి, రోజుకు ఎనిమిది గంటలు కూర్చున్నాను. పదోనాడు తెల్లవారుజామున కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కి మెలకువ వచ్చింది. ఉదయం కాఫీ గ్లాసు చేతిలోంచి జారింది. "అంత పరధ్యానమేమిటండీ?" అంది మా ఆవిడ. నాకు మాత్రం గుండె ఝల్లుమంది. రేపు సుద్దముక్క కూడా ఇలాగే జారితే?

జమ్మలమడుగులో బావమరిది వరసైన డాక్టరు దగ్గరికి పరుగెత్తాను.

"చిటికెన వేలికీ తిమ్మిరి ఉందా, బావా?" అన్నాడు. లేదన్నాను.

"అయితే మణికట్టు దగ్గరే తంటా" అన్నాడు. బొటనవేలికీ, చూపుడువేలికీ, నడిమివేలికీ స్పర్శనిచ్చే నరం మణికట్టులో ఇరుకుదారిన పోతుందట. అక్కడ వాపు వస్తే నలుగుతుందట. కంప్యూటరు ఒక్కటే కారణమనలేమంటూ మధుమేహానికీ పరీక్ష చేయించాడు. రాత్రిళ్ళు మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకోమన్నాడు. "ఇప్పుడే వచ్చావు గనుక సరిపోయింది. అశ్రద్ధ చేస్తే బొటనవేలి కండే కరిగిపోతుంది" అన్నాడు.

ఇంటికొచ్చి మా వీధి నేతపని పెద్దాయనతో మొర పెట్టుకున్నాను. ఆయన నవ్వి, "మగ్గానికి గుంట ఎందుకు తీస్తాం సారూ? కాళ్ళకు చోటు కావాలని. మనిషిని బట్టి మగ్గం పెట్టుకుంటాం. మీరేమో బల్ల ఎట్లుంటే అట్ల ఒంగినారు" అన్నాడు. ఒక నిమిషం ఆగి, "ఇంత తెలిసీ నా నడుం నిలవలేదు. నలభై ఏండ్లు మధ్యలో లేవకుండా నేస్తి" అన్నాడు. ఆ రెండోమాటే నాకు బాగా తగిలింది.

తాళపత్ర గ్రంథాల చివర లేఖకులు మెడా నడుమూ విరిగేలా రాశామని వాపోవడం తరగతిలో నవ్వుతూ చెప్పేవాణ్ణి. కడపలో బ్రౌను దొర జీతాలిచ్చి ప్రతులు రాయించిన పండితుల అవస్థ ఏమిటో! ఇటలీ వైద్యుడు రామజ్జినీ 1713 నాటి తన గ్రంథంలోనే లేఖకుల రోగాలకు ఒక ప్రకరణం కేటాయించాడు. జబ్బు పాతదే, పనిముట్టే కొత్తది.

సరే, నిఘంటువులు నాలుగు పేర్చి లాప్‌టాప్‌ను వాటిమీద కెక్కించాను. తెర పై అంచు కంటికి సమంగా వచ్చింది. మీటల పలక వేరేగా కొని, మోచేతులు వంగే ఎత్తున మణికట్లు నిటారుగా ఉండేట్టు పెట్టాను. వీపుకు ఆనుడు, పాదాల కింద పీట. ఇరవై నిమిషాలకొకసారి ఇరవై అడుగుల దూరాన ఉన్న వేపచెట్టును ఇరవై సెకన్లు చూస్తాను. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేస్తాను. రెండు నెలల్లో తిమ్మిరి తగ్గింది.

పోయిన నెల పులివెందుల వెళితే, ఇంటినుంచే ఉద్యోగం చేస్తున్న మా చెల్లెలి కూతురు మంచంమీద ముడుచుకుని లాప్‌టాప్ ముందు మెడ రుద్దుకుంటోంది. ఏమీ అనకుండా బీరువాలోంచి లావుపాటి పుస్తకాలు తీసి బల్లమీద పేర్చాను.

"చదవమంటావా, మామా?" అంది భయంగా.

"వద్దమ్మా, ముందు సరిగ్గా కూర్చో" అన్నాను.