సగటు చాటున మావాడు

"సగటు మనిషి" అన్న మాట పేపర్లో రోజూ చదువుతూనే ఉంటాం. ఆ మనిషి ఎలా ఉంటాడో నాకు మొన్నమొన్నటి దాకా తెలియదు. తీరా చూస్తే నా గదిలోనే, పక్క మంచం మీదే ఉన్నాడు!

ఓ రోజు మా లెక్చరర్ గారు పిలిచి, "నాలుగు టెస్టుల మార్కులూ కంప్యూటర్లో ఉన్నాయిగా. క్లాసు సగటు కంటే తగ్గినవాళ్ళ జాబితా తియ్యవయ్యా, స్పెషల్ క్లాసులు పెడదాం" అన్నారు. ఎస్‌క్యూఎల్ అప్పుడే నేర్చుకున్న ఉత్సాహం. గ్రూప్ బై రాసిపారేశాను. 62 మందికి ఉన్న 248 వరసలూ మనిషికొకటి చొప్పున 62 అయిపోయాయి. పాతిక మార్కులకి క్లాసు సగటు 16. మావాడిదీ సరిగ్గా 16. జాబితాలో వాడి పేరు రాలేదు. హమ్మయ్య అనుకున్నాను.

గ్రూప్ బైతో వచ్చిన చిక్కే అది. సగటు చెప్పి వరసల్ని మింగేస్తుంది. ఓవర్ అని చేర్చి రాసే విండో ఫంక్షన్ అలా కాదు. ఏ వరసనీ పోనివ్వదు, ప్రతిదాని పక్కనా సగటు రాసిపెడుతుంది. 2003 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోనే ఉన్నా, మైఎస్‌క్యూఎల్‌లోకి 2018లో గానీ రాలేదు.

సరదాకి అదీ చూద్దామని పార్టిషన్ బై రోల్ నంబరు, ఆర్డర్ బై టెస్టు నంబరు అని రాశాను. మావాడికి 23, 21.5, 19, 16 అని వచ్చింది. కాస్త జారాడు, అంతేగా అనుకున్నాను. ఆర్డర్ బై ఇచ్చి, కిటికీ ఎంతమేరో చెప్పకపోతే అది మొదటి టెస్టు నుంచీ కలుపుకుంటూ వస్తుందని తర్వాత తెలిసింది. పాత మంచి మార్కులు కొత్త దెబ్బని కప్పేస్తాయన్నమాట! "రోస్ బిట్వీన్ 1 ప్రిసీడింగ్ అండ్ కరెంట్ రో" అని, ముందు వరస ఒకటీ, ఈ వరసా చాలునని హద్దు గీశాను.

23, 21.5, 17, 10.5.

అసలు మార్కులు చూద్దును కదా, 23, 20, 14, 7! గుండె గతుక్కుమంది.

ఆ రాత్రి వాణ్ణి కూర్చోబెట్టి అడిగాను. "నాన్నకి పక్షవాతం రా. సాయంత్రం నుంచి మందులషాపులో పని చేస్తున్నా" అన్నాడు గోడకేసి చూస్తూ. ట్యూషన్లు చెబుతున్నానంటే ఇన్నాళ్ళూ నమ్మాను. ఒకే గదిలో ఉండి!

మర్నాడు జాబితా చివర చేత్తో ఒక పేరు చేర్చి ఇచ్చాను.

"ఇతని సగటు 16 కదయ్యా?" అన్నారు లెక్చరర్ గారు.

నాలుగు వరసలూ చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సాయంత్రం కాదు, పొద్దున్నే పెడదాం క్లాసులు" అన్నారు.